ఫోటో కింద ఎవరి పేరు? కర్నూలు, కడప పల్లెల మామూలు ఫోటోల గురించి

దళితుల చరిత్రకు ఆధారాలు లేవనే మాట విశ్వవిద్యాలయాల్లో మనం తరచూ వింటుంటాం. నిజమే, శాసనాలు మన పేర చెక్కలేదు. మెకంజీ కాలంలో రాయించిన కడప జిల్లా కైఫీయత్తులు తిరగేస్తే ఊరు ఎట్లా పుట్టిందో, గుడికి మాన్యం ఎవరిచ్చినారో, ఏ పాళెగాడు ఎవరి మీదికి పోయినాడో కనిపిస్తుంది. మాలపల్లె, మాదిగపల్లె మాత్రం చాలావరకు ఊడిగం లెక్కల్లో తప్ప కనపడవు. ఇట్లాంటప్పుడు ఫోటోల వైపు కూడా చూడాలని మేము అనుకుంటున్నాం. గొప్ప ఫోటోలు కాదు. చెట్టు, గొడ్డు, బావి, వంక, జాతర, పెండ్లి, బడి, పొలంలో పని, ఇట్లాంటి రోజువారీ విషయాల మీద తీసిన మామూలు ఫోటోలు. పాత కర్నూలు, కడప జిల్లాల్లో (2022 పునర్విభజనలో నంద్యాల జిల్లా, అన్నమయ్య జిల్లాలో కొంత భాగం వీటి నుంచే విడిపోయాయి) ఇవి సర్కారు దస్త్రాల్లో, మిషన్ బంగళాల్లో, పత్రికాఫీసుల్లో, మన ఇండ్ల గోడల మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

వీటిని ఎట్లా చదవాలనేదే ప్రశ్న. ఫోటో అబద్ధం చెప్పదని జనం నమ్మకం. బొమ్మ వరకు ఆ నమ్మకాన్ని ఒప్పుకుందాం. కానీ బొమ్మ కింద ఒక రాత ఉంటుంది. అది రాసేది కెమెరా కాదు, మనిషి. ఆ మనిషికి కులం ఉంటుంది, చదువు ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది. ఎవరికి పేరు పెట్టినారు, ఎవరిని 'కూలీలు' అనో 'గ్రామస్తులు' అనో 'ఒక మాల స్త్రీ' అనో వదిలేసినారు అన్నది అక్కడ తేలుతుంది. ఫోటోలో కులం ఎక్కువగా దాక్కునే చోటు ఆ కింది రాతేనని మా వాదన.

బయటివాళ్లు మనల్ని మూడు సందర్భాల్లో ఎక్కువగా ఫోటో తీసినారు. ఆకలితో ఉన్నప్పుడు, కొలతలు తీసుకునేటప్పుడు, చచ్చినప్పుడు.

ధాత కరువు సంగతి తీసుకుందాం. 1876-78 మధ్య మద్రాసు రాజధానిని పట్టిన ఆ కరువులో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్లారి ఉన్నాయి. అనంతపురం అప్పటికింకా బళ్లారిలోనే ఉండేది. 1871 లెక్కకు 1881 లెక్కకు మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. ఇంట్లో గింజ నిలవ లేనివాళ్లు, కూలి మీద బతికేవాళ్లు ముందు పోయినారని వేరే చెప్పనక్కరలేదు. రిచర్డ్ టెంపుల్ అనే దొర 1877లో కరువు పనుల్లోని మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొంచెం చిల్లర చాలన్నాడు. ఆ కరువు మనుషుల్ని విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఫోటోలు తీసినాడు. ఎముకల గూళ్లలాంటి మనుషుల్ని గుంపుగా కూర్చోబెట్టి, పిల్లల్ని ముందు వరసలో పెట్టి, సరిగ్గా పెండ్లి ఫోటోకు సర్దినట్లు సర్ది తీసినాడు. ఫోటో తీసినాక వాళ్లకు కూడు పెట్టకుండా పంపించినాడని అప్పట్లోనే అతని మీద విమర్శ వచ్చింది. 1886లో బర్మాలో ఖైదీలను కాల్చి చంపేటప్పుడు తుపాకులు పేలే క్షణాన్ని పట్టుకోవడానికి కెమెరా సిద్ధం చేసుకున్నాడని పెద్ద రచ్చయింది కూడా ఈ హూపర్ మీదే.

ఆ ఫోటోలు ఈరోజు ప్రపంచంలోని పెద్ద పెద్ద సంగ్రహాలయాల్లో భద్రంగా ఉన్నాయి. తీసినవాని పేరు, ర్యాంకు, పుట్టిన సంవత్సరం, చచ్చిన సంవత్సరం అన్నీ ఉన్నాయి. బొమ్మలో ఉన్నవాళ్ల పేర్లు లేవు. ఏ ఊరి నుంచి నడిచి వచ్చినారో లేదు. కర్నూలు వాళ్లు కావచ్చు, బళ్లారి వాళ్లు కావచ్చు. వాళ్లు మన జేజినాయనలకు జేజినాయనలు అయ్యుండొచ్చు. తెలుసుకునే దారి ఒక్కటే ఉండింది. ఫోటో తీసిన రోజు పేరు అడగడం. అది జరగలేదు.

కొలతల ఫోటోల గురించి పొడుగ్గా రాయం. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చేసినాడు. తల చుట్టుకొలత, ముక్కు పొడవు, ముక్కు వెడల్పు. తన పనిముట్లు చూసి జనం భయపడి పారిపోయేవాళ్లని ఆయనే రాసుకున్నాడు. ఆ ఫోటోల కింద చాలావరకు కులం పేరే ఉంటుంది. అక్కడ మనిషి ఒక రకానికి నమూనా. మొక్కను ఆకుల పుస్తకంలో అతికించినట్లే. ఇంతా చేసి ఆ సంపుటాల్లోని సంగతులను మనం పరిశోధనల్లో వాడుకోక తప్పడం లేదు, అది వేరే బాధ.

మూడో రకం ఫోటోలు మన తరానికి తెలిసినవే. 1985 కారంచేడు, 1991 చుండూరు, మన కర్నూలు జిల్లాలోనే 1998 వేంపెంట. ఆ ఫోటోలు అవసరం. కోర్టులో, వీధిలో, గోడ మీద అవి పని చేసినాయి. వాటిని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. కానీ ఒక పల్లె పత్రికలో మొదటిసారి ఫోటోగా వచ్చేది అది కాలిపోయిన రోజే అయితే, కాలకముందు ఆ పల్లెలో వేపచెట్టు ఎక్కడ ఉండిందో, దాని కింద ఎవరు కూర్చునేవాళ్లో, ఎవరి ఇంటి ముందర ముగ్గు ఎట్లా ఉండేదో చూపించే ఫోటో ఒక్కటి కూడా లేకపోతే, ఆ పల్లెకు చావు తప్ప బతుకు లేనట్లే అవుతుంది. మామూలు ఫోటోలు మనకెందుకు అంటే ఇందుకు.

మనుషుల్ని వదిలి పక్షుల దగ్గరికి పోదాం. కడప జిల్లా సిద్ధవటం దగ్గర లంకమల అడవి అంచుల్లో కలివికోడి అనే పక్షి ఉంది. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన జెర్డాన్ దీన్ని 19వ శతాబ్దంలో గుర్తించినాడు. 1848లో శాస్త్రం దానికి లాటిన్ పేరు పెట్టింది, ఇంగ్లీషు వాళ్లు జెర్డాన్ పేరే పెట్టుకున్నారు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదని రాసుకుని, ఇక ఆ పక్షి లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్ రెడ్డిపల్లె ప్రాంతంలో వెతుకుతున్నప్పుడు, స్థానికంగా వేట తెలిసిన ఐతన్న అనే మనిషి రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని పట్టి తెచ్చినాడు. ఎనభై ఏండ్లకు పైగా పోయిందనుకున్న పక్షి ఫోటో ప్రపంచమంతా తిరిగింది. 1988లో మన తపాలా శాఖ దాని మీద బిళ్ళ కూడా వేసింది.

ఇక్కడ రెండు విషయాలు చూడాలి. ఒకటి, 'పోయింది' అన్న మాట ఎవరికి వర్తిస్తుంది? అడవి అంచున కట్టెలకు, మేతకు, వేటకు తిరిగేవాళ్లకు ఆ పక్షి ఎన్నడూ పోలేదు. దాని పేరు వాళ్ల నోట్లోనే ఉంది. రెండోది, ఐతన్న పేరు మనకు ఎట్లా తెలిసింది? ఆ శాస్త్రవేత్త రాసినాడు కాబట్టి తెలిసింది. ఒక ముక్క రాస్తే నిలబడింది. హూపర్ కూడా రాయగలిగి ఉండేవాడు. తపాలా బిళ్ళ మీద మాత్రం జెర్డానే ఉన్నాడు. బిళ్ళ చిన్నది, చోటు చాలదు అనవచ్చు. చోటు చాలనప్పుడు ఎవరి పేరు ఎగిరిపోతుందో మనకు తెలియనిదేం కాదు.

రోళ్లపాడులో బట్టమేక పక్షి కోసం అదే 1988లో అభయారణ్యం పెట్టినారు. బట్టమేక పక్షి ఫోటోలు బోలెడున్నాయి. ఆ గడ్డి బీళ్లలో తరతరాలుగా గొడ్లు, జీవాలు మేపిన వాళ్లకు ఆ పక్షి ఏ నెలలో గుడ్డు పెడుతుందో, ఎంత ఎత్తు గడ్డిలో నిలుస్తుందో తెలుసు. ఆ తెలిసినవాళ్ల ఫోటోలు వెతికి చూడండి.

మొక్కల విషయానికొస్తే తంగేడు మంచి ఉదాహరణ. మా సీమలో గుట్ట పక్కన, వంక గట్టున, బీడులో ఎక్కడ చూసినా తంగేడే. పసుపు పూలు విరగబూసిన ఫోటో ఎవరు తీసినా అందంగా వస్తుంది. తెలంగాణకు అది రాష్ట్ర పుష్పం. కింది రాతలో పూల పండుగ ఉంటుంది, ఆయుర్వేదం ఉంటుంది. తంగేడు చెక్క తోళ్లు ఊనడానికి పనికొస్తుందనే మాట ఎంతమంది రాస్తారు? మాదిగలు ఈ చెక్క ఒలిచి, దంచి, కరక్కాయతో కలిపి లందలో తోలు నానబెట్టేవాళ్లు. మద్రాసు రాజధాని నుంచి ఊనిన తోళ్లు ఓడలెక్కి పోయిన రోజుల్లో ఆ వ్యాపారమంతా ఈ చెక్క మీద నడిచింది. తంగేడు ఫోటో కింద లంద లేకపోతే ఆ ఫోటో సగమే.

కపిల ఫోటో అంతకంటే స్పష్టం. కరెంటు మోటార్లు, ఆయిలింజన్లు రాకముందు సీమలో బావి సేద్యమంటే కపిలే. పాత వ్యవసాయ పుస్తకాల్లో, పత్రికల్లో ఈ ఫోటో కనిపిస్తుంది. బావి గట్టు మీద వాలుదారి, ఎద్దుల జత, మోకు మీద కూర్చున్న మనిషి, బాన నుంచి తొట్లోకి పడే నీళ్లు. కింద 'కపిల తోలుతున్న రైతు' అని ఉంటుంది. ఇప్పుడు ఆ బొమ్మలో ఒక్కొక్క వస్తువును పట్టి చూడండి. బానకు కట్టిన తోలు తొండం మాదిగ కుట్టింది. ఎద్దుల మెడలోని వార్లు మాదిగ కోసింది. రైతు కాళ్లకు చెప్పులుంటే అవీ అంతే. బావి తవ్విన చేతులు ఎవరివో కూడా అడగవచ్చు. తొండం చినిగితే ఆ పూట నీళ్లు లేవు, అందుకే ఆరె, రంపె పట్టుకుని మాదిగ పరుగెత్తాలి. దానికి కళ్లంలో మేర. అంటే ఆ నీటిలో మాదిగ పని ఉంది, ఫోటోలో మాదిగ లేడు. మోకు మీద కూర్చున్న మనిషి కూడా నిజంగా రైతేనా, జీతగాడా అన్నది ఇంకో ప్రశ్న. రైతు అనే ఒక్క మాట కింద ఇంతమంది పోయినారు.

ఇట్లాంటిదే కలుపు సంగతి. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో, పురుగుమందుల అంగళ్ల గోడల మీద కలుపు మొక్కల రంగు ఫోటోలు ఉంటాయి. వాటిలో గురుగు ఉంటుంది, చెంచలి ఉంటుంది. మా ఇండ్లల్లో అవి ఆకుకూరలు. వానలు పడినాక కలుపు తీసే కూలికి పోయిన ఆడవాళ్లు సాయంత్రం కొంగులో కట్టుకొచ్చేవి అవే. జొన్న సంగటిలోకి అదే కూర. కర్నూలు దిక్కు ఒక జేజికి మేము ఆ ఫోటో చూపించి ఇదేమని అడిగితే, "కలుపంటారే, దాంతోనే కదా నాయనా మేము రెండు నెల్లు సంగటి తిన్యాది" అన్నది. కలుపు మందు వచ్చినాక ఆ కూర పోయింది, కలుపు కూలీ పోయింది. రెండూ ఆడవాళ్లకే పోయినాయి. మొక్క ఒకటే, ఫోటో ఒకటే. పొలం ఉన్నవాడు కింద ఒక మాట రాస్తాడు, పొలంలో వంగినామె ఇంకో మాట చెబుతుంది. మన పత్రిక ఏ మాట అచ్చేయాలి? రెండూ అచ్చేయాలని మేమంటాం. అప్పుడే ఆ పొలంలో ఏం జరిగిందో పూర్తిగా అర్థమవుతుంది.

సీమ ఫోటో అంటే బయటివాళ్లకు రెండే. ఒకటి బీటలువారిన నేల, రెండోది వేటకొడవలి. మొదటిది ఎండాకాలం పత్రికలది, రెండోది సినిమాలది. దసరాకు దేవరగట్టు కర్రల ఫోటో దీనికి తోడు. నల్లరేగడిలో జొన్న చేను తల ఊపేది, నాపరాతి గనిలో మనిషి బండ లేపేది, సర్కారు తుమ్మ కొట్టి బొగ్గులు కాల్చేది, పీర్ల పండుగలో తప్పెట కొట్టేది ఈ రెండు ఫోటోల మధ్యన ఎక్కడా పట్టలేదు. బండలాగుడు పోటీల ఫోటోలు చూడండి. గెలిచిన ఎద్దుల యజమాని పేరు, ఊరు, బహుమతి మొత్తం పడుతుంది. ఎద్దులకు కూడా పేరుంటుంది. వాటికి ఉలవలు ఉడికించి పెట్టి, ఒళ్లు రుద్ది, ముల్లుగర్రతో పక్కనే పరుగెత్తిన జీతగాడు ఫోటో అంచున సగం తెగి ఉంటాడు.

అంచున సగం తెగినవాళ్లను చూడటం నేర్చుకుంటే పాత ఫోటోల నుంచి చాలా రాబట్టవచ్చు. మేము పాటించే పద్ధతి మోటుదే. మొదట ముఖాలు చూడం, కాళ్లు చూస్తాం. ఎవరికి చెప్పులున్నాయి, ఎవరికి లేవు, ఎవరు చెప్పులు చేతిలో పట్టుకున్నారు. తర్వాత ఎవరు ఎంత ఎత్తున కూర్చున్నారు: రచ్చకట్ట మీదనా, మెట్టు మీదనా, మట్టిలోనా. తలగుడ్డ తల మీద ఉందా, భుజం మీద ఉందా, నడుముకు చుట్టినారా. బావి ఫోటో అయితే బిందెలు ఎక్కడ పెట్టినారు, ఎవరు చేదుతున్నారు, ఎవరు దూరంగా ఎదురు చూస్తున్నారు. 'ఊరి బావి' అని కింద రాసి ఉంటే ఆ ఊరు అనే మాటలో మన పల్లె ఉందా లేదా అన్నది ఈ బిందెలు చెబుతాయి. గుడి ముందు జాతర ఫోటో అయితే తప్పెట ఎక్కడ మోగుతోంది, ధ్వజస్తంభానికి ఇవతలనా అవతలనా. ఈ వివరాలు ఫోటోగ్రాఫరు కావాలని పెట్టినవి కావు. అతనికి తెలియకుండా పడినవి. అందుకే అవి నమ్మదగిన సాక్ష్యం.

స్థలాల ఫోటోల్లో శ్రీశైలం మునక అన్నిటికంటే పెద్ద పాఠం. ఆ ప్రాజెక్టు నీళ్లలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు వందకు పైగా పోయినాయి. పాత గుళ్లను కాపాడటానికి పురావస్తు శాఖ గొప్ప పని చేసింది. రాయి రాయికి నంబరు వేసి, విప్పి, బండ్లకెక్కించి, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురంలో, రూపాల సంగమేశ్వరాలయాన్ని కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీద మళ్లీ నిలబెట్టినారు. ఆ పనిని తప్పు పట్టే ఉద్దేశం మాకు లేదు. 1981లో మనుషుల్ని ఖాళీ చేయించింది మాత్రం అట్లా కాదు. ఇండ్లు కూలగొట్టి పంపించినారు. మట్టిమిద్దెలకు, బోద కొట్టాలకు ఎవరూ నంబర్లు వేయలేదు. పట్టా ఉన్న ఇల్లుకు, పట్టా ఉన్న పొలానికి కాగితం ఉంది కాబట్టి ఏదో ఒక పరిహారం లెక్క ఉంది. వాగు పక్కన పోరంబోకులో గొడ్లు మేపుకున్నదానికి, ఊరి మెట్టలో కూలి చేసుకున్నదానికి, మనవాళ్లను పూడ్చిన శ్మశానానికి కాగితం ఏది? ఆ చోట్ల మామూలు ఫోటో ఒకటి ఉండి ఉంటే అది కాగితమయ్యేది.

ఇప్పటికీ ఎండాకాలంలో రిజర్వాయరు నీళ్లు తగ్గితే ముచ్చుమర్రి దిక్కున ఉన్న సప్తనదుల సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. పత్రికలు ఏటా ఆ ఫోటో వేస్తాయి. అదే నీళ్ల కింద ఉన్న పల్లెల పేర్లు ఆ ఫోటో కింద ఎప్పుడైనా వేసినారా? కడపలో కలివికోడి తిరిగే చోటు మీదికి తెలుగుగంగ కాలువ వచ్చినప్పుడు కాలువ దారి మార్చినారు. మంచిదే. పక్షికి ఫోటో ఉంది, పేరుంది, మాట్లాడేవాళ్లున్నారు. దారి మారాలంటే ఈ మూడూ కావాలని మనం దాని దగ్గర నేర్చుకోవలసి ఉంది.

ఇక మన ఇండ్లల్లోకి వద్దాం. "మా కాలంలో ఫోటో అంటే యాడుండ్య, చచ్చినాక పటం కట్టించేదానికి కూడా ల్యాకపాయ" అంటారు పెద్దవాళ్లు. చాలా ఇండ్లల్లో మొదటి ఫోటో మిషన్ బడిలో తీసిందే. 19వ శతాబ్దం మధ్య నుంచి కడప, కర్నూలు దిక్కుల్లో మాలపల్లెలు పెద్ద ఎత్తున మిషన్లలో చేరినాయి. బడి పిల్లలు మూడు వరసల్లో, మధ్యలో పంతులు, ముందు నేల మీద ఒక పలక. పలక మీద సుద్దతో తరగతి, సంవత్సరం. మనవాళ్లు సొంత చేత్తో ఫోటోకు పెట్టుకున్న కింది రాత అదే. తర్వాత టౌన్లలో స్టూడియోలు. నంద్యాలకో ప్రొద్దుటూరుకో సంతకు పోయినప్పుడు, పెండ్లయినాక ఒకసారి 'ఫోటో దిగేది'. వెనక తెర మీద మేడ, మెట్లు, నెమలి. చేతికి అద్దె వాచీ. ఈ ఫోటోలను చూసి మన చదువుకున్న పిల్లలే నవ్వుతారు, ఉన్నది చూపించక లేనిది చూపించినారని. మేమట్లా అనుకోం. ఊర్లో కుర్చీ మీద కూర్చునే వీలు లేని మనిషి అణా పైసలు కూడబెట్టి కుర్చీ మీద కూర్చుని ఫోటో దిగినాడంటే, ఆ కుర్చీయే ఆ ఫోటోలో అసలు విషయం. ఆ పక్కనే గోడకు కోటు వేసుకున్న అంబేద్కర్ పటం ఎందుకు వచ్చి చేరిందో కూడా దీంతో తెలుస్తుంది.

ఆ తర్వాత సర్కారు ఫోటోలు మొదలైనాయి. 1993 నుంచి ఓటరు గుర్తింపు కార్డు, ఆ తర్వాత జాబు కార్డు, ఆధారు. 2006 ఫిబ్రవరి 2న పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లెలో మొదలైన ఉపాధి హామీ పనికి 2023 జనవరి నుంచి ఫోన్లో రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో ఎక్కించడం తప్పనిసరి చేసినారు. సిగ్నల్ లేని గుట్టల్లో ఫోటో ఎక్కకపోతే హాజరు పడలేదు, కూలి పడలేదు. ఎండలో గడ్డపారలు పట్టుకుని వరసగా నిలబడిన మన ఆడవాళ్ల ఫోటోలు లక్షలు లక్షలుగా సర్కారు కంప్యూటర్లలోకి పోయినాయి. అందులో ఒక్కటి కూడా వాళ్ల ఇంటి గోడ మీదికి రాలేదు. 1877 కరువు పని గుంపు ఫోటోను, ఈ ఫోటోను పక్కపక్కన పెట్టి చూడమని మా కోరిక. పస్తులు, చావులు ఒకటి కాదు, కూలి హక్కుగా వచ్చింది, ఆ తేడా పెద్దదే. కానీ రెండింటిలోనూ మనిషి ఫోటోకు నిలబడింది తన కోసం కాదు, పై అధికారికి నమ్మకం కోసం. ఈ రెండో ఫోటోలో పేర్లు సర్కారు దగ్గర ఉన్నాయి. అవి హాజరు పట్టీలో ఉన్నాయి, బొమ్మ కింద లేవు.

మిగిలిన మన ఫోటోలు ఎక్కడికి పోతున్నాయో కూడా చెప్పాలి. చెద తిన్నాయి, పొగ పట్టినాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు, 2021 నవంబరులో అన్నమయ్య డ్యాం తెగి చెయ్యేరు పల్లెల మీద పడినప్పుడు బియ్యం, బట్టలతో పాటు పటాలు కూడా పోయినాయి. బియ్యం మళ్లీ ఇచ్చినారు. సెల్‌ఫోన్లు వచ్చినాక ఫోటోలు వేలయినాయి గాని ఫోను పగిలితే అన్నీ ఒకేసారి పోతున్నాయి, పైగా ఒక్కదానికీ కింద పేరు లేదు.

కాబట్టి పరిశోధక విద్యార్థులకు, బడి పంతుళ్లకు, పల్లెల్లో చదువుకున్న పిల్లలకు మా విన్నపం ఇది. కొత్త ఫోటోలు తీయడానికి ముందు పాతవాటి వెనక రాయండి. పెన్నుతో వద్దు, సిరా ముందుకు దిగుతుంది, మెత్తటి పెన్సిలుతో రాయండి. ఫోటోలో ఎవరున్నారో ఇంటి పేరుతో సహా, వాళ్లకు ఇష్టమైతేనే. ఎవరు తీసినారు, ఏ సంవత్సరం, సంవత్సరం తెలియకపోతే ఏ కరువు తర్వాత, ఏ వరద ముందర, ఎవరి పెండ్లి నాడు. చెట్టయితే మన నోట్లో ఉన్న పేరు, దాంతో మనవాళ్లు చేసిన పని. బావయితే తవ్వింది ఎవరు, తాగింది ఎవరు, ఏ సంవత్సరం నుంచి తాగనిచ్చినారు. గొడ్డయితే యజమానితో పాటు మేపినవాళ్ల పేరు. పోరంబోకు, వంక, శ్మశానం, గుట్ట ఫోటోలు ఎవరికీ అందంగా కనపడవు కాబట్టి అవి ముందు తీయండి, నాలుగు దిక్కుల నుంచి తీయండి, హద్దు రాయి ఉంటే అది పడేటట్లు తీయండి. జేజిల దగ్గర, అబ్బల దగ్గర కూర్చుని బొమ్మలోని ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టి అడగండి. తొంభై ఏండ్ల ముసలామె ఒక మధ్యాహ్నంలో చెప్పే పేర్లు ఏ దస్త్రంలోనూ దొరకవు, ఆమె లేకపోతే అడగను మనిషి కూడా ఉండదు. రెండు కాపీలు తీయించి, ఒకటి దగ్గరి కాలేజీ లైబ్రరీలో, ఇంకొకటి ఫోటోలోని వాళ్ల ఇంట్లో ఇవ్వండి. ఇంట్లో ఇచ్చేదే ముందు ఇవ్వండి, ఎందుకంటే పేరు తప్పుగా రాసి ఉంటే చూసి చెప్పేది వాళ్లే.